యుద్ధం ఆగిన దేశంలో శాంతి సేన, సహాయ సంస్థలు, ప్రపంచ బ్యాంకు: వీళ్లను కలిపి నడిపేది ఎవరు?

మీరు అడిగినదాంట్లో మూడు సంగతులున్నాయి. యుద్ధం ఆగిన దేశంలో శాంతి సేన, సహాయ సంస్థలు, అభివృద్ధి సంస్థలు ఒకేసారి పనిచేస్తుంటే వాటిని కలిపి నడిపేది ఎవరు? అంత ఏర్పాటు ఉండి కూడా పనులు ఎందుకు బెడిసికొడతాయి? ఆదోనిలో పుట్టి అనంతపురంలో ఎంఎస్‌డబ్ల్యూ చదువుతున్న మీలాంటి వాళ్లు అందులోకి ఎలా వెళ్లాలి? నేను మన జిల్లాలోనే వాటర్‌షెడ్ పనుల్లో మొదలుపెట్టాను. తర్వాత చాలా ఏళ్లు ఆఫ్రికాలో, యుద్ధం వల్ల ఇళ్లు వదిలి వచ్చినవాళ్ల శిబిరాల్లో నీళ్లు, పారిశుధ్యం పని చూశాను. ఇప్పుడు మళ్లీ అనంతపురంలోనే ఉంటున్నాను. జవాబు కొంచెం పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

కాగితం మీద ఏర్పాటు అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఐక్యరాజ్యసమితి (ఐరాస) భద్రతా మండలి తీర్మానం చేస్తే శాంతి సేన వెళ్తుంది. ప్రధాన కార్యదర్శి తరఫున ఒక ప్రత్యేక ప్రతినిధి ఆ మిషన్ మొత్తానికి పెద్ద. ఆయన కింద సాధారణంగా ఇద్దరు ఉప ప్రతినిధులుంటారు. ఒకరు రాజకీయం, పోలీసు, న్యాయ వ్యవహారాలు చూస్తారు. రెండోవారికి ఒకేసారి మూడు పదవులు: మిషన్‌లో ఉప ప్రతినిధి, ఆ దేశంలోని ఐరాస సంస్థలన్నిటికీ రెసిడెంట్ కోఆర్డినేటర్, సహాయ కార్యక్రమాలకు హ్యుమానిటేరియన్ కోఆర్డినేటర్. సహాయం వైపు 1991లో జనరల్ అసెంబ్లీ చేసిన 46/182 తీర్మానం పునాది. 2005 నుంచి క్లస్టర్ల పద్ధతి వచ్చింది. నీళ్లు, పారిశుధ్యానికి యూనిసెఫ్, ఆరోగ్యానికి డబ్ల్యూహెచ్‌ఓ, సరుకు రవాణాకు ప్రపంచ ఆహార కార్యక్రమం, ఇలా ఒక్కో పనికి ఒక్కో పెద్ద దిక్కు. పరీక్షలో అడిగితే ఇది రాస్తే చాలు.

పనులు ఎందుకు తప్పుతాయో మాత్రం ఇందులో దొరకదు. సమన్వయం అనగానే అందరూ సమావేశాల గురించే మాట్లాడతారు. నేను చూసినంతలో అసలు సంగతి డబ్బు దగ్గర ఉంది. ఎవరి ఖాతాలోంచి వస్తుంది, ఏ షరతు మీద వస్తుంది, ఏ నెలలో వస్తుంది అన్నది చూస్తే ఆ దేశంలో ఏ పని ఎక్కడ ఆగుతుందో చాలావరకు ముందే చెప్పొచ్చు.

శాంతి సేన ఖర్చు సభ్యదేశాల మీద వాటాలుగా పడుతుంది. ఇవ్వకపోతే బాకీ కింద లెక్క. 2024-25లో ఈ బడ్జెట్ సుమారు 560 కోట్ల డాలర్లు. దాని ఏడాది జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. సహాయ సంస్థలవి విరాళాలు. జనవరి నుంచి డిసెంబరు వరకు ఇంత కావాలని అడుగుతారు, దాతలు ఇచ్చిందే తీసుకోవాలి. 2023లో ప్రపంచం మొత్తానికి 5,600 కోట్ల డాలర్లకు పైగా అడిగితే అందులో సగం కూడా రాలేదు. ప్రపంచ బ్యాంకు దారి వేరు. ప్రభుత్వంతో ఒప్పందం కావాలి, పాత బాకీలు తీరాలి, ప్రాజెక్టు తయారై డబ్బు కదలడానికి చాలాకాలం పడుతుంది. ఈ మూడింటినీ ఒకే ఊళ్లో పెట్టి చూడండి. ఒక కుర్రాడి చేత తుపాకీ దింపించడానికి డబ్బు ఇవాళ ఉంటుంది. వాడికి పని నేర్పించే డబ్బు వచ్చే ఏడాది, అదీ వస్తే. వాడు నేర్చుకున్న పనికి గిరాకీ పుట్టించే రోడ్డు, కరెంటు, మార్కెట్ ఇంకెన్నేళ్లకో.

లైబీరియాలో సరిగ్గా ఇదే జరిగింది. 2003 ఆగస్టులో ఘనా రాజధాని అక్రాలో శాంతి ఒప్పందం కుదిరింది. సెప్టెంబరులో 15 వేల మంది సైనికులతో ఐరాస మిషన్‌కు అనుమతి వచ్చింది. సేన ఇంకా పూర్తిగా దిగకముందే, డిసెంబరు 7న రాజధాని మన్రోవియా దగ్గర షీఫెలిన్ క్యాంపులో ఆయుధాలు తీసుకోవడం మొదలుపెట్టారు. మనిషికి 300 డాలర్లు, రెండు విడతల్లో. అనుకున్నదానికి ఎన్నో రెట్లు జనం వచ్చిపడ్డారు. వాళ్లను ఉంచడానికి చోటు చాల్లేదు, వాళ్లేమో డబ్బు అప్పటికప్పుడే చేతిలో పెట్టమన్నారు. అల్లర్లు జరిగాయి, ప్రాణాలు పోయాయి. కార్యక్రమం ఆపేసి మళ్లీ 2004 ఏప్రిల్‌లో గానీ మొదలుపెట్టలేకపోయారు. మొదటి అంచనా 38 వేల మంది. చివరికి నమోదైంది లక్ష మందికి పైగా. అప్పజెప్పిన ఆయుధాలు 28 వేల దాకా. తుపాకీ లేకపోయినా 150 తూటాలు తెస్తే చాలన్న నిబంధన ఉండేది, పోరాటగాళ్ల వెంట ఉన్న ఆడవాళ్లను, పిల్లలను కూడా చేర్చుకున్నారు.

లక్ష మంది పేర్లు రాసుకున్నారు సరే. ఆయుధాలు తీసుకుని ఇంటికి పంపే ఖర్చు శాంతి సేన బడ్జెట్‌లో ఉంది. ఆ తర్వాత చదువు చెప్పించడం, పని నేర్పించడం మాత్రం విరాళాల మీద ఆధారపడింది. వేలమంది తమ వంతు ఎప్పుడొస్తుందోనని ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఈలోపు కొందరు గుత్రీ రబ్బరు తోటను ఆక్రమించుకుని, పాలు గీసి అమ్ముకుని బతికారు. 2006 ఆగస్టులో గానీ ప్రభుత్వం, ఐరాస కలిసి ఆ తోటను వెనక్కి తీసుకోలేకపోయాయి. ఆ కుర్రాళ్లను తప్పుపట్టడం తేలిక. వాళ్లకిచ్చిన మాట ఒక ఖాతాది, ఆ మాట నిలబెట్టాల్సిన డబ్బు ఇంకో ఖాతాది.

మన జిల్లాల్లో ఫ్యాక్షన్ ఊళ్లు ఎరిగినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. పెద్దలిద్దరూ రాజీ పడిన రోజు ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. కానీ వాళ్ల వెనక తిరిగిన కుర్రాళ్లకు అప్పటిదాకా తిండి, ఖర్చు, కోర్టు వాయిదాలు అన్నీ పెద్దాయనే చూసుకున్నాడు. రేపటి నుంచి వాళ్ల ఇల్లు గడిచేదెట్లా అన్నది రాజీలోనే మాట్లాడుకోకపోతే ఆ రాజీ ఒక పంటకాలం నిలవడం కూడా కష్టం.

2005లో ఐరాస ఒక మార్పు చేసింది. తుపాకీ దించినవాళ్లకు ఏడాది వరకు తాత్కాలిక ఆసరా శాంతి సేన బడ్జెట్ నుంచే ఇవ్వొచ్చని రాసుకుంది. చిన్న మార్పులా కనిపిస్తుంది, కానీ సమన్వయం మీద జరిగిన ఎన్నో వర్క్‌షాపుల కంటే దీని విలువ ఎక్కువని నా అభిప్రాయం. లైబీరియాలోనే రోడ్ల పని బాగా కుదిరింది. శాంతి సేన ఇంజినీర్ల యంత్రాలు, ప్రపంచ బ్యాంకు గ్రాంటు, ఐరాస అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ నిర్వహణ, స్థానికుల కూలిపని ఒకచోట చేరాయి. ఆ దేశం పాత బాకీలు 2007 డిసెంబరు దాకా తీరలేదు కాబట్టి బ్యాంకు మామూలు అప్పు ఇవ్వడానికి వీల్లేదు, అందుకే గ్రాంటు దారి పట్టారు. ఇక్కడ నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైన రోజుల్లోనే అక్కడా వేలమంది కూలికి రోడ్లెక్కారు.

మొజాంబిక్ కథ మీ క్లాసులో చెప్పరేమో, కానీ తప్పకుండా చదవాలి. 1992 అక్టోబరులో రోమ్‌లో ఒప్పందం, 1994 అక్టోబరులో ఎన్నికలు, ఆ డిసెంబరుకల్లా మిషన్ ముగిసింది. రెండు వైపుల నుంచీ 90 వేల మందికి పైగా సైనికుల్ని ఇంటికి పంపారు. అక్కడ చేసిన తెలివైన పని ఏంటంటే, ప్రభుత్వం ఆరు నెలల జీతం ఇస్తే, దాతలు యూఎన్‌డీపీ ద్వారా ఇంకో 18 నెలల భృతి కలిపారు. అంటే మొత్తం రెండేళ్లు. ఆ డబ్బును రాజధానిలోనో క్యాంపులోనో ఇవ్వలేదు. సైనికుడు ఏ జిల్లాకు వెళ్లి స్థిరపడతానన్నాడో ఆ దగ్గరి బ్యాంకు శాఖలో తీసుకోవాలి. డబ్బు కావాలంటే ఊరికి వెళ్లాల్సిందే. మొత్తం పెద్దదేం కాదు. కానీ కొన్ని నెలలకోసారి చేతికొస్తుంది కాబట్టి పెళ్లి, ఇల్లు, విత్తనాలు లాంటివాటికి ఒక లెక్క వేసుకోగలిగారు. అంతమందికి ఉద్యోగాలు చూపించలేమని ముందే ఒప్పుకుని, ఊళ్లో కుదురుకోవడానికి కాలం కొనిచ్చారు.

కంబోడియాలో ఇంకో పాఠం ఉంది. 1992-93లో థాయ్ సరిహద్దు శిబిరాల నుంచి 3 లక్షల 60 వేల మందికి పైగా తిరిగొచ్చారు. మొదట కుటుంబానికి రెండు హెక్టార్ల భూమి ఇస్తామన్నారు. తీరా చూస్తే భూమి అంత లేదు, ఉన్నచోట మందుపాతరలు. అప్పుడు ప్రత్యామ్నాయాలు పెట్టారు. ఎక్కువమంది పెద్దవాళ్లకు 50 డాలర్లు, పిల్లలకు 25 డాలర్ల చొప్పున నగదు, తిండిగింజలు తీసుకుని తమ బంధువులున్న చోటికి వెళ్లిపోయారు. మందుపాతరలు తీసేవాళ్లు, భూమి పంచేవాళ్లు, శరణార్థులను తెచ్చేవాళ్లు ఒకే పటం ముందు కూర్చోకుండా మాట ఇస్తే ఇలాగే ఉంటుంది.

ఇదంతా పైస్థాయి. కింది స్థాయిలో సమన్వయం ఎలా ఉంటుందో నా పనిలోంచి చెప్తాను. ఆఫ్రికాలో నేను పనిచేసిన ఒక శిబిరంలో ఆడవాళ్లు వంటచెరకు కోసం కంచె దాటి చాలా దూరం వెళ్లాలి. దారిలో దాడులు జరిగేవి. అందుకని సైనికులు వారంలో కొన్ని రోజులు ఆ దారిలో ప్యాట్రోల్ తిరిగేవాళ్లు. ప్యాట్రోల్ తొమ్మిదికి బయల్దేరేది. ఆడవాళ్లు ఎండ ముదరకముందే తిరిగి రావాలని చీకటితోనే వెళ్లిపోయేవాళ్లు. రిపోర్టులో ప్యాట్రోల్ జరిగినట్టే, దాడులు మాత్రం ఆగలేదు. మహిళా కమిటీ పెద్దల్ని సైనికాధికారి దగ్గర కూర్చోబెడితే అసలు సంగతి బయటికొచ్చింది. ప్యాట్రోల్‌ను తెల్లవారుజాముకు మార్చడానికి ఆయన ఒప్పుకున్నారు. కానీ ఏ దారిన వెళ్తుందో మైకులో చెప్తే దాడి చేసేవాళ్లూ వింటారు. అందుకని ముందురోజు రాత్రి కమిటీ పెద్దలకు మాత్రమే చెప్పేవాళ్లం, వాళ్లు వరుసల్లో ఇంటింటికీ చెప్పేవాళ్లు.

అక్కడితో అయిపోలేదు. మా కుళాయిలు కూడా పొద్దున్నే తెరిచేవాళ్లం. శిబిరాల ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 15 లీటర్లు, ఒక కుళాయికి 250 మంది. అంటే 3,750 లీటర్లు. కుళాయి నిమిషానికి ఏడున్నర లీటర్లిస్తే అందరికీ అందడానికి ఎనిమిది గంటలకు పైగా పడుతుంది. కట్టెలకు వెళ్లిన ఇంటికి నీళ్ల లైన్లో నిలబడే మనిషి ఉండదు. పంపింగ్ టైము మార్చి సాయంత్రం దాకా నీళ్లు వదిలాం. పంపు ఆపరేటర్ల డ్యూటీలు, డీజిల్ లెక్క అన్నీ మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. కట్టెలు తక్కువ తినే పొయ్యిలు ఇచ్చే పని ఇంకో సంస్థది, వాళ్ల నిధులు రావడానికి కొన్ని నెలలు పట్టింది. ఒక తల్లి క్షేమంగా కట్టెలు తెచ్చుకోవాలంటే సైన్యం, నీళ్లవాళ్లు, పొయ్యిలవాళ్లు ముగ్గురి గడియారాలు కలవాలి.

అయితే అన్నీ కలిపేస్తే మంచిదేగా అని మీకు అనిపించొచ్చు. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. సహాయం చేసేవాళ్లు ఏ పక్షానికీ చెందరన్న నమ్మకం మీదే వాళ్ల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అఫ్గానిస్థాన్‌లో విదేశీ సైన్యాలే స్కూళ్లు, ఆసుపత్రులు కట్టే బృందాలను జిల్లాల్లో పెట్టాయి. 2004లో కొన్నిచోట్ల తాలిబాన్ సమాచారం ఇస్తేనే సాయం అందుతుందన్న అర్థం వచ్చే కరపత్రాలు కూడా పంచారు. ఆ ఏడాది జూన్ 2న బాద్‌ఘీస్‌లో ఎంఎస్‌ఎఫ్ వైద్య సంస్థ వాళ్లు ఐదుగురు హత్యకు గురయ్యారు. 24 ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఆ సంస్థ జూలైలో దేశం వదిలేసింది, 2009లో గానీ తిరిగి రాలేదు. అందుకే సైనిక వాహనాల్లో సహాయ సామగ్రి తీసుకెళ్లడం ఇంకే దారీ లేనప్పుడే చేయాలని నియమాలున్నాయి. మాట్లాడుకోవాలి, టైములు కలుపుకోవాలి, ఏ బండి ఏ దారిలో ఉందో చెప్పుకోవాలి. ఒకే బండి ఎక్కడం మాత్రం వేరే సంగతి.

మన సైనికుల మీద నాకు చాలా గౌరవం. దక్షిణ సూడాన్‌లో మలకాల్, బోర్ ప్రాంతాల్లో మన భారత దళాలు చేసిన పని అక్కడివాళ్లు ఇష్టంగా చెప్పుకుంటారు. అక్కడిది చాలాచోట్ల నల్లరేగడి. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు వానాకాలంలో పొలం దారుల్లో ట్రాక్టర్ దిగబడటం చూసినవాళ్లకు ఆ నేల గురించి వేరే చెప్పక్కర్లేదు. మే నుంచి అక్టోబరు దాకా దేశంలో చాలా రోడ్లు మూతబడతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు గింజలు గోదాములకు చేరకపోతే ఆ తర్వాత విమానంలోంచి జారవిడవాల్సిందే, దాని ఖర్చు ఎన్నో రెట్లు. కాబట్టి సైనిక ఇంజినీర్లు ఏ రోడ్డు ముందు బాగుచేయాలన్నది ఆహార సంస్థ సరుకు లెక్కను బట్టి తేలాలి. దాతల డబ్బు మార్చిలో కాకుండా జూన్‌లో వచ్చిందంటే ఎండాకాలం చేజారినట్టే.

మన సైన్యంలోని పశువైద్యులు మలకాల్‌లో పశువులకు వైద్యం చేశారు. ఆవులే ఆస్తి, ఆవులే కన్యాశుల్కం అయిన సమాజంలో దీని విలువ అంతా ఇంతా కాదు. ఇక్కడ కూడా ఒక మాట ముందే మాట్లాడుకోవాలి. మన గోపాలమిత్రల్లాంటి స్థానిక పశు ఆరోగ్య కార్యకర్తలకు సంస్థలు శిక్షణ ఇచ్చి, రైతు దగ్గర కొద్దిగా ఫీజు తీసుకుని బతికేలా తయారుచేస్తుంటాయి. పక్కనే ఉచిత శిబిరం పెడితే ఆ కార్యకర్త దగ్గరికి ఎవరూ పోరు. సేన వెళ్లిపోయిన రోజు అటు సేనా ఉండదు, ఇటు కార్యకర్తా ఉండడు. శిబిరంలో ఆ కార్యకర్తనే పక్కన పెట్టుకుని అతని చేతనే సూది వేయిస్తే ఈ చిక్కు రాదు.

హైతీ గురించి ఒక్క మాట. 2010 అక్టోబరులో అక్కడ మొదలైన కలరాకు మూలం శాంతి సేన క్యాంపులోని మరుగుదొడ్ల మురుగు నదిలో కలవడం. పదివేల మందికి దగ్గరగా చనిపోయారు. 2016 డిసెంబరులో గానీ ఐరాస ప్రధాన కార్యదర్శి క్షమాపణ చెప్పలేదు. జనం శిబిరాల్లో మరుగుదొడ్లను మేం కొలతలు పెట్టి చూస్తాం. సైనిక క్యాంపు మురుగు ఎటు పోతుందో కూడా అంతే గట్టిగా చూడాలి. పారిశుధ్యం పని చేసిన మనిషిగా ఈ విషయంలో నాకు ఇంకా కోపం తగ్గలేదు.

ఇక మీ దారి. ఇప్పుడు రోజులు బాగాలేవు, ఆ మాట దాచను. 2025లో అమెరికా తన సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేసింది, ఐరాస సంస్థలన్నీ ఉద్యోగాలు తగ్గిస్తున్నాయి. సమన్వయం, ప్రోగ్రామ్ అని పేరున్న పోస్టులకు వేలమంది పోటీ పడతారు. నీళ్లు, గోదాము, రవాణా, అకౌంట్లు, డేటా తెలిసినవాళ్లకు మాత్రం ఇప్పటికీ అవసరం ఉంది. ఎంఎస్‌డబ్ల్యూతో పాటు వీటిలో ఏదో ఒకటి చేతికి తెచ్చుకోండి. ఫ్రెంచ్ నేర్చుకుంటే సగం ఆఫ్రికా మీకు తెరుచుకుంటుంది. ఐరాస వాలంటీర్లలో 18 నుంచి 26 ఏళ్ల వాళ్లకు యూత్ విభాగం ఉంది, 27 దాటితే స్పెషలిస్టు విభాగం, దానికి పని అనుభవం కావాలి. దరఖాస్తు వాళ్ల వెబ్‌సైట్‌లోనే చేయాలి. ఐరాస ఏ దశలోనూ, ఏ పేరుతోనూ డబ్బు తీసుకోదు. కడప వైపు కువైట్ వీసాలకు ఏజెంట్ల చేతిలో డబ్బు పోసినవాళ్లను మీరు చూసే ఉంటారు. ఐరాస ఉద్యోగం ఇప్పిస్తానని ఎవరైనా రూపాయి అడిగితే అది మోసమే, ఇంట్లోవాళ్లకు కూడా ఈ మాట చెప్పి పెట్టండి.

అంతకంటే ముందు ఇక్కడ రెండు మూడేళ్లు గట్టిగా పనిచేయండి. ఫీల్డ్‌వర్క్ ఎక్కడ చేయాలో ఇంకా తేలకపోతే, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు తాగే ఊరొకటి ఎంచుకోండి. గ్రామీణ నీటి సరఫరా ఆఫీసు రిజిస్టర్‌లో రోజుకు ఎన్ని ట్రిప్పులని రాశారో చూడండి, ఊళ్లో ఎన్ని వచ్చాయో, ఏ వాడకు ఏ టైముకు వచ్చాయో ఇంటింటికీ తిరిగి అడగండి. ఆ ట్యాంకర్ బిల్లు ఏ పద్దులోంచి, ఎన్ని నెలలకు చెల్లిస్తున్నారో కూడా రాసుకోండి. ఆ నోట్సు తయారయ్యాక ఇక్కడే పెట్టండి, చదివి నాకు తోచింది చెప్తాను.